మూడుసార్లు పిలుస్తారు

రాల్ఫ్ కెండ్రిక్ ఇంగ్లండులో మంత్రి అయిన రోజున రంగూన్‌లో లడ్లు పంచిన కొట్టు నాదొక్కటే. ఊరి పేరు యాంగోన్‌గా మారి ముప్పై ఏళ్ళు దాటింది గానీ మా నోటికి ఇంకా రంగూనే. లమ్మడా పేటలో తాళ్ళు, టార్పాలిన్లు, ఇనప గొలుసులు అమ్ముతాం. మా తాత కాకినాడ నుంచి వచ్చి పెట్టిన కొట్టు. నాకు డెబ్బై ఒకటి, పిల్లల్లేరు, కాబట్టి ఇది నాతోనే మూతపడుతుంది. పక్క కొట్టు చైనా ఆయన లడ్డు తీసుకుని, ఆ మంత్రి నీకేమవుతాడని అడిగాడు. మా అచ్చెన్నకి స్నేహితుడన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో ఆయన తప్పు లేదు. లుంగీ పైకి కట్టి, బీడీ చెవిలో పెట్టుకుని తిరిగే రేవు మనిషికి లండన్‌లో మంత్రి స్నేహితుడంటే ఎవరు నమ్ముతారు?

అచ్చెన్న ఓడల మీద బరువులెత్తే యంత్రం నడిపేవాడు. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చాడు. ఇల్లు మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు స్టేషను వెనక, మూడో అంతస్తులో. చదువు లేదు. కానీ పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడితే పదకొండోవాడు వచ్చి కూర్చునే మాట అతనిది. బర్మాలో సంఘాలు పెట్టుకోవచ్చని చట్టం వచ్చిన ఏడాదే రేవు తెలుగువాళ్ళందరినీ కూడగట్టి సంఘం పెట్టాడు. దానికి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాల్సి వస్తే నా దగ్గరకొచ్చేవాడు. నా ఇంగ్లీషు మీద నాకు కాస్త పొగరుంది. అడిగినవాళ్ళకల్లా రాసిపెట్టాను గానీ, అచ్చెన్నకి రాసినన్ని ఎవరికీ రాయలేదు.

వాళ్ళ జట్టులో ఒక ఆచారం ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పాతకాలంలో ఓడ అడుగున, సరుకు గదిలో, దీపాల వెలుతురులో పనిచేసేవారు. బస్తాలు జారి మీదపడితే మనిషి కనిపించేవాడు కాదు. అందుకని పని అయ్యాక జట్టు పెద్ద రేవు మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. పిలవడం తల్లి పెట్టిన పేరుతోనే. కంపెనీ వాడి కాగితంలో వాడికి నోరు తిరిగిన పేరేదో ఉండేది, కాగితం పేరుకైతే ఒకడి బదులు ఇంకొకడు పలికేస్తాడు. తల్లి పెట్టిన పేరుకి ఇంకొకడు పలకడు. మూడుసార్లు పిలుస్తారు. మూడోసారి కూడా పలకకపోతే, ఎంత అలసిపోయినా సరే, జట్టంతా మళ్ళీ కిందికి దిగాలి. వాణ్ణి తీసుకొచ్చేదాకా ఎవడూ ఇంటికి పోకూడదు. కంటైనర్లొచ్చాక సరుకు గదులూ లేవు, జట్లూ లేవు. పిలుపు మాత్రం ఏడాదికోసారి, ఇంకా ఎవరైనా పోయినప్పుడూ, మిగిలింది.

2013లో కెండ్రిక్ వచ్చాడు. అప్పటికి అతను మంత్రీ కాదు, ఎంపీ కాదు. ఇంగ్లండులో ఏదో ఉత్తరపు రేవులో క్రేను నడిపి, తర్వాత కార్మిక సంఘంలో పనికి కుదిరిన మనిషి. కొత్త సంఘాలకి పాఠాలు చెప్పడానికి పంపారు. హోటలు వద్దని అచ్చెన్న ఇంట్లో చాప మీద తొమ్మిది రోజులు పడుకున్నాడు. సూర్యావతి ఎండుచేపల పులుసు పెడితే ముక్కూ కళ్ళూ కారుతుంటే మళ్ళీ వడ్డించుకున్నాడు. సూర్యావతి అచ్చెన్న భార్య. ఆమె వంట తిని ఏడవకుండా లేచినవాణ్ణి నేను చూడలేదు. వాళ్ళ కొడుకు సత్తిబాబుకి అప్పుడు ఇరవై రెండు. అతనే దొరని బస్సుల్లో తిప్పి ఊరు చూపించాడు, తెలుగు రెండు ముక్కలు నేర్పాడు.

వెళ్ళే ముందు రోజు సాయంత్రం మెట్ల మీద పిలుపు పెట్టారు. దొర తననీ పిలవమన్నాడు. మీ అమ్మ ఏమని పిలిచేదని అచ్చెన్న అడిగించాడు. రోలీ, అన్నాడు దొర. అతని తండ్రి అతని చిన్నప్పుడే రేవులో గొలుసు తెగి చనిపోయాడట, తల్లి పోయి పదేళ్ళయిందట, ఆమె పోయాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదట. అచ్చెన్న "రోలీ" అని గట్టిగా కేకేశాడు. సత్తిబాబు చెవిలో చెబితే, "ఉన్నా" అన్నాడు దొర, వంకర తెలుగులో, కన్నీళ్ళతో. నేను మాట తర్జుమా చేయడానికి పక్కనే నిలబడ్డాను. మీ అమ్మ ఏమని పిలిచేదని నన్నూ అడిగారు. పండు, అన్నాను. జట్టు జట్టంతా పగలబడి నవ్వింది. వర్తకుణ్ణి కాబట్టి నన్నెవరూ పిలవలేదు, నేను పలకనూ లేదు.

మర్నాడు విమానం ఎక్కేముందు కెండ్రిక్ అచ్చెన్న చెయ్యి పట్టుకుని ఒక మాటన్నాడు. మీలో ఎవరైనా పలకకపోతే నేనూ దిగుతాను, అని. తెలుగులోకి మార్చింది నేనే. కాబట్టి ఆ మాట అన్నాడో లేదో అనే అనుమానం నాకెప్పుడూ రాలేదు.

నాలుగేళ్ళకి ఎంపీ అయ్యాడు. పార్లమెంటులో మొదటి ప్రసంగమే మా రేవు పిలుపు గురించి. సంఘమంటే ఏమిటో నాకు రంగూన్ మెట్ల మీద తెలిసింది, పలకని మనిషి కోసం అలసిపోయినవాళ్ళు మళ్ళీ దిగడమే సంఘం, అన్నాడు. అక్కడి పేపర్లు మెచ్చుకున్నాయట. ఆ ప్రసంగంతోనే పైకొచ్చాడని సింగపూర్‌లో ఉన్న నా మేనకోడలు అరుణశ్రీ చెప్పేది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నాడయ్యా నీ దొర, అన్నాను అచ్చెన్నతో.

"అమ్ముకోనీ బాబూ," అన్నాడు అచ్చెన్న. "మన కాయలే గదా. పుచ్చిన కాయలేటి కాదు గదా."

అచ్చెన్న అతన్ని కో రాల్ఫ్ అనేవాడు. ఇక్కడ ఈడు వాణ్ణి కో అంటారు, పెద్ద మనిషిని ఊ అంటారు. ఎంపీ అయ్యాక నేను ఊ రాల్ఫ్ అనడం మొదలుపెట్టాను. అచ్చెన్న మానలేదు.

2021లో సైన్యం గద్దెనెక్కింది. రేవు ఆగిపోయింది, క్రేన్లు ఆగిపోయాయి. తండ్రి తర్వాత సంఘం కార్యదర్శి సత్తిబాబే. కంటైనర్ల యార్డులో లెక్క చూసే ఉద్యోగం వదిలేసి సమ్మెలో కూర్చున్నాడు. ఏప్రిల్‌లో ఇంటికొచ్చి పట్టుకుపోయారు. ఏడేళ్ళ శిక్ష. మొదట ఊళ్ళోనే ఉంచి, తర్వాత ఉత్తరాన ఎక్కడో జైలుకి మార్చారు. వెళ్ళి రావడానికి రెండు రోజులు, చూడనిచ్చేది ఇరవై నిమిషాలు, అదీ చూడనిస్తే.

అచ్చెన్న నా కొట్టుకొచ్చి తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాడు. దొరకి రాయమన్నాడు. ఏం కోరమంటావంటే, డబ్బు వద్దు, వకీలు వద్దు, ఒక్కటే అన్నాడు.

"ఆళ్ళ పార్లమెంటులో లెగిసి నా కొడుకు పేరు పిలమను. పేరు బయటికొచ్చినోణ్ణి లోపల సంపడానికి బయపడతారు బాబూ. సత్తిబాబు అని పిలాల. ఆ కాయితం పేరొద్దు. ఆడికి ఆళ్ళమ్మ ఎట్టిన పేరది. దొరకి తెలిసిన పేరూ అదే."

కాగితం పేరేమిటో చెప్పాలి. ఇక్కడ పుట్టిన తెలుగువాళ్ళకి రెండు పేర్లు. ఇంట్లో ఒకటి, బర్మావాళ్ళ బడిలో, గుర్తింపు కార్డులో ఇంకొకటి. సత్తిబాబు కార్డులో పేరు జో లిన్. కోర్టులో జో లిన్, జైల్లో జో లిన్. సత్తిబాబు అనేవాడు ఈ దేశపు ఏ కాగితంలోనూ లేడు.

ఆ మర్నాడు సూర్యావతి ఒక్కతే వచ్చింది. కొంగులోంచి మడిచిన కాగితం తీసింది. కొడుకు కార్డు నకలు, ఫోటోతో సహా, వెనక కేసు నంబరు.

"మా ఆయన వొద్దంటాడు గాని, కింద సిన్నగా ఈ పేరు కూడా రాసీండి బాబూ. ఎతికినోళ్ళకి దొరకాల గదా."

రాస్తానమ్మా అన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

నేను రాయలేదు.

ఎందుకు రాయలేదో చాలాసార్లు చాలా రకాలుగా నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజుల్లో వీధి మొగలో సిపాయిలు నిలబడి ఫోన్లు తెరిపించి చూసేవారు. ఉత్తరం నేను ఫోనులో కొట్టి అరుణశ్రీకి పంపితే ఆమె అక్కణ్ణుంచి లండన్‌కి పంపాలి. నా ఫోనులో జో లిన్ అన్న పేరూ, ఆ కేసు నంబరూ కనపడితే తర్వాత పట్టుకుపోయేది నన్నే. సంఘం మీటింగులు నా కొట్టు మేడ మీదే జరిగేవి మరి. సత్తిబాబు అని రాస్తే ఏ సిపాయికీ ఏమీ అర్థం కాదు. కెండ్రిక్ ఎరిగిన కుర్రాడే కదా, మిగతాది వాళ్ళ రాయబారి కార్యాలయం చూసుకుంటుంది కదా, తండ్రి కూడా వద్దనే అన్నాడు కదా. ఇన్ని కదాలు పేర్చుకున్నాను. అసలు సంగతి ఒక్కటే, నేను భయపడ్డాను. నకలుని సొరుగులో గొలుసుల రసీదుల కింద పెట్టి తాళం వేశాను. వారం తర్వాత సూర్యావతి అడిగితే, రాశానమ్మా అన్నాను.

జవాబు పది రోజుల్లో వచ్చింది. పొడుగాటి ఉత్తరం. సత్తిబాబు తనకి ఊరు చూపించిన రోజులు కెండ్రిక్ తలుచుకున్నాడు, నేను ఊరుకోను అని రాశాడు, కింద రోలీ అని పెట్టాడు. అచ్చెన్న ఆ ఉత్తరాన్ని నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు.

తర్వాతి ఏడాదికి కెండ్రిక్ వాళ్ళ పార్టీలో పెద్దవాడయ్యాడు. రెండో ఉత్తరానికి జవాబు ఒక పేజీ. ఇప్పుడు బహిరంగంగా మాట్లాడితే ఖైదీకే చేటని తెలిసినవాళ్ళు అంటున్నారు, తగిన సమయం చూస్తున్నాను. కింద రాల్ఫ్ కెండ్రిక్, పార్లమెంటు సభ్యుడు. ఆ పై ఏడాది జవాబు నాలుగు వాక్యాలు, రాసింది ఎవరో కార్యదర్శి. మీ ఉత్తరం అందింది, మీ ఆవేదనను శ్రీ కెండ్రిక్ దృష్టికి తెచ్చాం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని అచ్చెన్న ముందే అనేశాను. అతను నా మీద కోప్పడ్డాడు. మనిషి ఇంకా ఎక్కుతున్నాడు బాబూ, ఎక్కేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు, ఎక్కాక పిలుస్తాడు, అన్నాడు. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో నాకు తెలియదు. నాకైతే ఆ దొరని తిట్టుకోవడం హాయిగా ఉండేది. తిట్టుకున్నంతసేపూ సొరుగు గుర్తొచ్చేది కాదు.

2024లో వాళ్ళ పార్టీ గెలిచింది, కెండ్రిక్ బయటి దేశాల సంగతులు చూసే చిన్న మంత్రి అయ్యాడు. లడ్లు అప్పుడే పంచాను. సూర్యావతి ఆ నెల జైలుకి వెళ్ళొచ్చింది. కొడుకు కళ్ళు పచ్చగా ఉన్నాయని చెప్పింది. మందు పంపితే వెనక్కి ఇచ్చేశారట. నాలుగో ఉత్తరం రాశాను. అందులోనూ సత్తిబాబే. అప్పటికి సిపాయిలు నా ఫోను చూసి రెండేళ్ళయింది. మరి ఎందుకు రాయలేదంటే, ఇప్పుడు కొత్తగా రెండో పేరు రాస్తే ఇన్నాళ్ళూ రాయలేదని తెలిసిపోతుంది. ఒక అబద్ధానికి కాపలా కాయడానికి రోజూ ఇంకొకటి కావాలి.

నవంబరులో ఒక ఉదయం అరుణశ్రీ వీడియో పంపింది. వెంటనే కబురు పెట్టాను. అచ్చెన్నా సూర్యావతీ బస్సు దిగి పరిగెత్తుతున్నట్టే వచ్చారు. ముగ్గురం గల్లా వెనక నిలబడి చూశాం. ఎవరో సభ్యుడు లేచి, బర్మా ఖైదీల కోసం మీరు ఏం చేశారని ఎగతాళిగా అడుగుతున్నాడు. కెండ్రిక్ జుట్టు నెరిసిపోయింది. చేతిలో రాసిచ్చిన కాగితం ఉంది. అది చదవడం మొదలుపెట్టి, ఆగి, బల్ల మీద పెట్టేశాడు. ఒక పేరు చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది, అందుకు సిగ్గుపడుతున్నాను, అన్నాడు. నేను అతని ఇంట్లో అన్నం తిన్నాను, రేవు కార్మికుడు, ముప్పై మూడేళ్ళు, అన్నాడు. ఆ తర్వాత పిలిచాడు. "సత్తిబాబు." అక్కడున్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి కూడా పిలిచాడు.

"ఉన్నాడు," అన్నాడు అచ్చెన్న, ఫోను వైపు వంగి, మెల్లగా.

సూర్యావతి ఫోను అద్దం మీద రెండు వేళ్ళు పెట్టి కళ్ళకద్దుకుంది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. మీ చేతి రాతే బాబూ ఇదంతా, అంది. నా జీవితంలో నేను ఎవరి ముందూ అంత కుంచించుకుపోలేదు.

జనవరిలో జవాబు వచ్చింది. మంత్రి సూచన మేరకు రాయబారి కార్యాలయం అధికారికంగా విచారించింది, సత్తిబాబు అనే పేరుగల వ్యక్తి ఏ నిర్బంధంలోనూ లేడని ఇక్కడి అధికారులు రాతపూర్వకంగా తెలిపారు, కాబట్టి ఈ విషయాన్ని ఇంతకుమించి కొనసాగించలేకపోతున్నాం. అధికారులు అబద్ధం కూడా ఆడలేదు. ఆడాల్సిన పని వాళ్ళకి లేకుండా చేశాను నేను.

అరుణశ్రీ మిగతాది చెప్పింది. లేని ఖైదీ కోసం కన్నీళ్ళు పెట్టిన మంత్రి అని అక్కడి పేపర్లు వెక్కిరించాయట. పాత ప్రసంగం తవ్వితీసి, ఆ రేవు కథ కూడా కట్టుకథేనా అని అడిగారట. ఆ నెలలోనే అతన్ని ఆ శాఖ నుంచి తీసి చేపల శాఖకి మార్చారు. పన్నెండేళ్ళలో మెట్టు మెట్టుగా ఎక్కిన మనిషి ఒక్కసారి నోరు విప్పి మాట నిలబెట్టుకున్నాడు, ఆ ఒక్కదానికే కింద పడ్డాడు.

ఉత్తరం చదివి చెప్పినప్పుడు అచ్చెన్న తల పట్టుకున్నాడు. కాయితం పేరొద్దన్నది నేనే గదా, అన్నాడు. సూర్యావతి నా వైపు చూసింది. మరి కింద చిన్నగా రాశారు కదా, అని ఆయనకి వినపడకుండా మెల్లగా అడిగింది. వాళ్ళు చూసుకోలేదేమోనమ్మా, అన్నాను. ఆమె నమ్మింది.

వాళ్ళు వెళ్ళగానే సొరుగు తీశాను. జో లిన్, కేసు నంబరు, జైలు, అన్నీ ఫోనులో కొట్టి పంపేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, పైగా కాలిన చేతులు నావి కావు. మూడు వారాలకి జవాబొచ్చింది. శ్రీ కెండ్రిక్ ప్రస్తుతం ఆ శాఖలో లేరు, మీ ఉత్తరాన్ని సంబంధిత విభాగానికి పంపాం.

మార్చి మొదటి వారంలో సత్తిబాబు జైల్లో చనిపోయాడు. కామెర్లు ముదిరాయని చెప్పారు. దహనం వాళ్ళే చేసేశారు. అచ్చెన్న వెళ్తే ఒక గుడ్డ సంచీ ఇచ్చారు. అందులో రెండు లుంగీలు, కళ్ళజోడు, ఒక కాగితం. కాగితంలో జో లిన్ మరణించాడని ఉంది. సంతకం పెట్టించుకున్నారు.

కెండ్రిక్‌కి అరుణశ్రీయే తెలియజేసింది. ఈసారి కార్యదర్శి రాయలేదు. చేత్తో రాసిన కాగితాన్ని ఫోటో తీసి పంపాడు, అక్షరాలు వంకర్లు పోయాయి. ఎక్కువేమీ లేదు. మూడుసార్లు పిలిచాను, అతను లేడని కాగితం వస్తే నమ్మాను, దిగలేదు, అని రాశాడు. చివర ఒక్క ప్రశ్న. నేను పేరు తప్పు పిలిచానా? కింద రోలీ అని ఉంది.

అచ్చెన్న జవాబు చెప్పి రాయించాడు. అదే తాళ్ళ చుట్ట మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

"నువ్వు సరిగ్గానే పిలిసినావని రాయండి. తప్పు నాదని రాయండి. ఆడి కాయితం పేరు నీకు సెప్పనీకుండా నానే అడ్డపడినాను. నా మూర్కం నా కొడుకుని మింగీసినాది. నువ్వు మనసులో ఎట్టుకోకు కో రాల్ఫ్ అని రాయండి."

రాశాను. ప్రతి మాటా రాశాను. కన్న తండ్రి నా తప్పుని తన నెత్తినెత్తుకుంటుంటే మంచి ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాను.

పదకొండో రోజు పొద్దున్న రేవు మెట్ల మీద పిలుపు పెట్టారు. అచ్చెన్న కాకుండా పాత జట్టులో మిగిలింది తొమ్మిదిమంది, అందరూ ముసలివాళ్ళే. అప్పయ్యకి ఒక కన్ను కనపడదు, అచ్చయ్య కర్ర లేకుండా నిలబడలేడు. ఆడవాళ్ళు పై మెట్టు మీద ఉన్నారు. నేను వెళ్ళకూడదనుకున్నాను. మళ్ళీ, వెళ్ళకపోతే అడుగుతారని వెళ్ళాను. వెళ్ళేముందు సొరుగులోంచి ఆ నకలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

అచ్చెన్న నది వైపు తిరిగి నిలబడ్డాడు.

"సత్తిబాబూ," అని పిలిచాడు. ఆవలి ఒడ్డుకి పోయే పడవలు పోతూనే ఉన్నాయి. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచేటప్పుడు పైన సూర్యావతి నోట్లో కొంగు కుక్కుకుంది. ఎవరూ పలకలేదు. దిగడానికి ఇప్పుడు సరుకు గది లేదు కాబట్టి, ఆచారం ప్రకారం జట్టంతా చెప్పులు విప్పి మెట్లు దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళారు. అచ్చయ్య తూలుతుంటే చెయ్యి పట్టుకుని నేనూ దిగాను. మార్చిలో కూడా ఆ నీళ్ళు చల్లగానే ఉన్నాయి. కాసేపు అందరూ కిందికి చూశారు, వెతుకుతున్నట్టే. అక్కడ ఏముంటుంది? ఆ తర్వాత ఒక్కొక్కరే ఎక్కారు. అప్పయ్య వచ్చి అచ్చయ్యని నా చేతిలోంచి అందుకుని తీసుకెళ్ళాడు. నేను కింది మెట్టు మీద, నీళ్ళలోనే ఉండిపోయాను.

దిగినవాళ్ళందరూ క్షేమంగా ఎక్కారో లేదో చూసుకోవడానికి మళ్ళీ పిలుస్తారు. అచ్చెన్న మొదలుపెట్టాడు. అప్పయ్య పలికాడు. అచ్చయ్య పలికాడు. మూడో పేరు పిలవబోతూ అచ్చెన్న నన్ను చూశాడు. నాలుగేళ్ళు వాళ్ళ కోసం ఉత్తరాలు రాసినవాణ్ణి, ఇవాళ వాళ్ళతో నీళ్ళలోకి దిగినవాణ్ణి. అతని మొహం మెత్తబడింది.

"పండూ," అని పిలిచాడు.

మా అమ్మ పోయి నలభై ఏళ్ళు. అప్పణ్ణుంచి ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉన్నా అని ఒక్క ముక్క అంటే చాలు, నేను వాళ్ళ జట్టు మనిషిని. నా నోరు తెరుచుకోలేదు.

"పండూ," అని మళ్ళీ పిలిచాడు, వినపడలేదనుకుని కాస్త గట్టిగా. మూడోసారి పిలిచేసరికి అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు ఆ ముసలివాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, తడిసిన లుంగీలతో నా కోసం మళ్ళీ మెట్లు దిగడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు అచ్చెన్న వచ్చాడు. నా భుజం కింద చెయ్యి వేసి, "ఏటైనాది బాబూ?" అన్నాడు.

నేను చెప్పేశాను. నిలబడ్డ చోటే, నీళ్ళలోనే చెప్పాను. సూర్యావతమ్మ కార్డు ఇచ్చిందని, రాశానని చెప్పానని, రాయలేదని. ఒక్కసారి కాదు, నాలుగు ఉత్తరాల్లోనూ రాయలేదని. భయపడ్డానని. నీ తప్పు కాదు అచ్చెన్నా, నీ తప్పు ఏనాడూ కాదు, అన్నాను. అచ్చెన్న చెయ్యి నా భుజం కింద ఇంకా అలాగే ఉంది. మర్చిపోయి ఉంచేశాడనుకుంటాను. కాసేపటికి తీసేశాడు.

సూర్యావతి ఎప్పుడు దిగి వచ్చిందో నేను చూడలేదు. చీర కుచ్చిళ్ళు తడుస్తున్నాయి. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఆ కాయితం ఉందా, పారీసినారా?" అని అడిగింది.

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె విప్పి చూసింది. మడతల దగ్గర అరిగిపోయింది గానీ ఫోటో బాగానే ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు తీసింది, నూనె రాసి దువ్విన తల, కొత్త చొక్కా.

"మా ఇంట్లో ఫోటోలన్నీ ఆ రోజు ఆడితోపాటే పట్టుకుపోనారు," అంది. "ఆడి బొమ్మ ఒక్కటీ నేదు మా కాడ."

దాన్ని కొంగులో ముడి వేసుకుని పైకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే నా పక్కనుంచి ఎక్కారు. ఆచారం ప్రకారం నన్ను తీసుకుపోవాలి కాబట్టి అచ్చయ్య, అప్పయ్య భుజం ఆనుకుని, కర్ర నా వైపు చాచాడు. అది పట్టుకుని ఎక్కాను.

అందరూ ఎక్కాక అచ్చెన్న మళ్ళీ నది వైపు తిరిగి, మొదటి నుంచీ పేర్లు పిలిచాడు. తొమ్మిది పేర్లూ పిలిచాడు, తొమ్మిదిమందీ పలికారు. నేను పలకడానికి సిద్ధంగా నిలబడ్డాను. నా పేరు పిలవలేదు.